సముద్రం అడుగున గ్యాస్: వాల్వు మూస్తే చాలదు
గొట్టంలో మిగిలిన పీడనాన్ని దించడమే అసలు పరీక్ష

కాకినాడ నుంచి అంతర్వేది వరకు విస్తరించిన తీరానికి ఎదురుగా, బంగాళాఖాతం అడుగున పరచిన ఉక్కు గొట్టాల ద్వారా సహజవాయువు ఒడ్డుకు చేరుతోంది. గాడిమొగ, ఎస్.యానాం, ఓడలరేవు వంటి తీర గ్రామాలు ఈ గొట్టాలు సముద్రం నుంచి నేలపైకి వచ్చే ద్వారాలు. కొబ్బరి తోటలకు, చేపల చెరువులకు, మత్స్యకారుల ఇళ్లకు అనతిదూరంలోనే అధిక పీడనంతో కూడిన వాయువు అహోరాత్రాలు ప్రవహిస్తూ ఉంటుంది. ఈ గొట్టాలలో ఎక్కడైనా లోపం తలెత్తితే ఏం చేస్తారన్న ప్రశ్నకు సాధారణంగా లభించే సమాధానం ఒక్కటే: వాల్వులు మూసివేస్తారు.

ఈ సమాధానం సగం మాత్రమే సరైనది. వాల్వు మూసినందువల్ల కొత్త గ్యాస్ రావడం ఆగిపోతుంది. కాని అప్పటికే గొట్టంలో ఉన్న గ్యాస్ మాత్రం అదే పీడనంతో అక్కడే ఉంటుంది. మరమ్మతు చేయాలన్నా, మంటను అదుపు చేయాలన్నా, గొట్టాన్ని శాశ్వతంగా మూసివేయాలన్నా ముందుగా ఆ పీడనాన్ని దించవలసి ఉంటుంది. ఆలస్యమైతే మంటకు ఆహారం అందుతూనే ఉంటుంది. తొందరపడితే ఉక్కు గడ్డకట్టి పెళుసెక్కే ప్రమాదం ఉంది. ఈ రెండింటి మధ్య సురక్షితమైన వేగం ఎంత అన్నది ప్రతి పైపులైనుకు వేర్వేరుగా ముందే లెక్కగట్టి ఉంచుకోవలసిన విషయం. ప్రమాదం జరిగిన తరువాత కాగితం, కలం పట్టుకుని కూర్చునే వ్యవధి ఉండదని గత నలభై ఏళ్ల దుర్ఘటనలు రుజువు చేస్తున్నాయి.

గొట్టంలో ఎంత గ్యాస్?

పీడనాన్ని కొలిచే ప్రమాణాలలో బార్ ఒకటి. ఒక బార్ అంటే మనం పీల్చే గాలి మన మీద చూపే ఒత్తిడికి దాదాపు సమానం. మోటారు కారు చక్రంలో రెండు బార్లకు కాస్త అటూఇటూగా గాలి నింపుతారు. సముద్రగర్భ గ్యాస్ పైపులైన్లలో పీడనం 100 బార్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడా ఉంటుంది.

లోపలి వ్యాసం 60 సెంటీమీటర్లు, పొడవు 20 కిలోమీటర్లు గల గొట్టాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దాని లోపలి ఖాళీ సుమారు 5,650 ఘనపు మీటర్లు. 100 బార్ల పీడనం వద్ద ఆ ఖాళీలో ఇరుక్కున్న గ్యాస్‌ను బయటి గాలిలోకి వదిలితే అది 6 లక్షల ఘనపు మీటర్లకు పైగా విస్తరిస్తుంది. దాని బరువు 400 టన్నులకు తక్కువ కాదు. వంటింట్లో వాడే 14.2 కిలోల సిలిండర్లతో పోల్చితే సుమారు 28 వేల సిలిండర్లలోని గ్యాస్ బరువు అన్నమాట. రెండు చివరలా వాల్వులు మూసివేసిన తరువాత కూడా ఇంత ఇంధనం గొట్టంలోనే మిగిలి ఉంటుంది.

అయితే వాల్వు మూయడం వృథా అని దీని అర్థం కాదు. బావికి, పైపులైనుకు గల తేడా ఇక్కడే ఉంది. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ బావిలో ఎగసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. భూగర్భ నిక్షేపమే ఆ మంటకు ఇంధనం అందించింది కనుక దానికి అంతు లేకపోయింది. పైపులైను అలా కాదు. రెండు వాల్వుల మధ్య చిక్కిన గ్యాస్‌కు ఒక పరిమితి ఉంటుంది. ఆ పరిమితి ఎంత, అది ఖాళీ కావడానికి ఎంత సమయం పడుతుంది అన్న రెండు అంకెల మీదే మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

పైపర్ ఆల్ఫా: తెలిసీ తప్పించుకోలేని ముప్పు

ఈ రెండు అంకెలను ప్రపంచానికి అత్యంత కఠినంగా బోధించిన దుర్ఘటన 1988 జులై 6న ఉత్తర సముద్రంలో జరిగింది. స్కాట్లండ్ తీరానికి దూరంగా ఉన్న పైపర్ ఆల్ఫా చమురు వేదికపై ఆ రాత్రి 10 గంటల ప్రాంతంలో తొలి పేలుడు సంభవించింది. మరమ్మతు నిమిత్తం భద్రతా వాల్వు తొలగించిన ఒక పంపును, ఆ సంగతి తెలియని రాత్రి షిఫ్టు సిబ్బంది ప్రారంభించడం అందుకు కారణమని విచారణలో తేలింది.

తొలి పేలుడు పెద్దదే అయినా వేదికను నేలమట్టం చేసింది అది కాదు. ఇతర వేదికలతో పైపర్ ఆల్ఫాను కలుపుతూ సముద్రం అడుగున మూడు గ్యాస్ పైపులైన్లు ఉండేవి. మంటల వేడికి మెత్తబడి తొలి పేలుడు జరిగిన 20 నిమిషాలకు వాటిలో మొదటిది బద్దలైంది. తరువాత గంట లోపే మిగిలిన రెండూ అదే దారి పట్టాయి. కిలోమీటర్ల పొడవైన గొట్టాలలో నిలువ ఉన్న గ్యాస్ అంతా ఆ వేదిక కిందనే మండింది. వేదికపై ఉన్న 226 మందిలో 61 మంది మాత్రమే బతికి బయటపడ్డారు. కాపాడబోయిన ఇద్దరితో కలిపి మొత్తం 167 మంది మరణించారు.

ఈ ముప్పు ముందుగా ఎవరికీ తెలియనిది కాకపోవడం గమనార్హం. దుర్ఘటనకు సుమారు రెండేళ్ల క్రితమే యాజమాన్యం ఒక అధ్యయనం చేయించింది. గ్యాస్ గొట్టాల పొడవు, వ్యాసం దృష్ట్యా వాటి పీడనం దించడానికి గంటల తరబడి సమయం పడుతుందని, అవి బద్దలైతే ఆ మంటను ఆర్పడం సాధ్యం కాదని ఆ అధ్యయనం హెచ్చరించింది. హెచ్చరిక కాగితం మీద ఉండిపోయింది. లార్డ్ కల్లెన్ నేతృత్వంలో జరిగిన విచారణ 1990లో 106 సిఫార్సులతో నివేదిక సమర్పించింది. సముద్రం నుంచి వేదిక మీదికి ఎక్కే ప్రతి గొట్టానికీ అత్యవసర వాల్వు ఉండాలని, మంటలో సైతం అది పనిచేయాలని బ్రిటన్ నిబంధనలు విధించింది. వేదికకు కాస్త దూరంగా, సముద్రం అడుగునే మరో వాల్వు అమర్చే పద్ధతి కూడా ఆ తరువాతే విస్తృతమైంది. వేదిక వైపు మిగిలే గ్యాస్‌ను వీలైనంత తగ్గించడం వీటి ఉద్దేశం.

ముంబై హైలో రెండు గంటలు

భారతదేశానికి ఇటువంటి అనుభవం 2005 జులై 27న ఎదురైంది. ముంబైకి పశ్చిమంగా సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఓఎన్‌జీసీ ముంబై హై నార్త్ వేదిక వద్దకు, గాయపడిన ఒక సిబ్బందిని చేర్చేందుకు సముద్ర సురక్ష అనే సహాయక నౌక వచ్చింది. అలల తాకిడికి అదుపు తప్పిన నౌక వేదికను ఢీకొనడంతో, సముద్రం నుంచి పైకి వచ్చే నిలువు గొట్టం దెబ్బతిని గ్యాస్ వెలువడింది. వెంటనే నిప్పు అంటుకుంది. సుమారు రెండు గంటల వ్యవధిలో వేదిక పూర్తిగా ధ్వంసమైంది. మృతులు, గల్లంతైన వారు కలిపి 22 మంది. 362 మందిని కాపాడగలిగారు.

ఇలా పైకి వచ్చే నిలువు గొట్టాన్ని పరిశ్రమలో రైజరు అంటారు. సముద్రగర్భ పైపులైను మొత్తంలో అత్యంత సున్నితమైన భాగం ఇదే. అలలు, ఉప్పుగాలి, నౌకల తాకిడి అన్నీ దీని మీదే పడతాయి. దానికి తోడు పక్కనే మనుషులు పనిచేస్తూ, నివసిస్తూ ఉంటారు. ఈ అనుభవాల నేపథ్యంలో దేశంలో సముద్ర చమురు కార్యకలాపాల భద్రతకు ప్రత్యేక నిబంధనలు 2008లో అమలులోకి వచ్చాయి. వాటి అమలును పర్యవేక్షించే బాధ్యతను చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేటుకు అప్పగించారు.

తొందరపాటూ ముప్పే

పీడనం ప్రమాదకరమైనప్పుడు దానిని తక్షణమే వదిలివేస్తే సరిపోదా అన్న సందేహం సహజం. సైకిలు ట్యూబు వాల్వు పిన్నును నొక్కినప్పుడు వేలికి గాలి చల్లగా తగలడం అందరికీ అనుభవమే. సంకోచించి ఉన్న వాయువు ఒక్కసారిగా వ్యాకోచించినప్పుడు చల్లబడుతుంది. సహజవాయువు ఇరుకైన వాల్వు గుండా బయటపడేటప్పుడు, పీడనం ఒక్కొక్క బార్ తగ్గినకొద్దీ ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ పడిపోతుంది. 100 బార్ల నుంచి సాధారణ స్థాయికి ఒకే ఊపున దించితే 40 నుంచి 50 డిగ్రీల తగ్గుదల తప్పదు. వైశాఖపు ఎండలో సైతం వాల్వు చుట్టూ మంచు పేరుకుంటుంది.

సాధారణ ఉక్కు ఆ చలికి తన సాగే గుణాన్ని కోల్పోయి పెళుసుబారుతుంది. మామూలుగా తట్టుకోగల దెబ్బకే గాజులా పగులుతుంది. ఆస్ట్రేలియాలోని లాంగ్‌ఫోర్డ్ గ్యాస్ కర్మాగారంలో 1998 సెప్టెంబరు 25న జరిగిన ప్రమాదం ఇందుకు నిదర్శనం. సముద్రం నుంచి వచ్చే గ్యాస్‌ను శుద్ధి చేసే ఆ కర్మాగారంలో వేడి నూనె ప్రవాహం ఆగిపోవడంతో ఒక పరికరం సున్నాకు దిగువన 40 డిగ్రీలకు పైగా చల్లబడింది. మళ్లీ వేడి నూనెను పంపగానే అది పగిలి పేలుడు సంభవించింది. ఇద్దరు మరణించారు. విక్టోరియా రాష్ట్రానికి సుమారు రెండు వారాల పాటు గ్యాస్ సరఫరా స్తంభించింది. అక్కడ ఉక్కు చల్లబడిన కారణం వేరైనా, చలికి బిగిసిన ఉక్కు ఎలా ప్రవర్తిస్తుందో ఈ ఘటన తేటతెల్లం చేసింది.

చలి తెచ్చిపెట్టే మరో సమస్య గ్యాస్ మంచు. శాస్త్రజ్ఞులు దీనిని హైడ్రేట్ అంటారు. గ్యాస్‌లో తేమ ఉండి, పీడనం ఎక్కువగా, ఉష్ణోగ్రత తక్కువగా ఉన్నప్పుడు నీరు, మీథేన్ కలిసి మంచుగడ్డ వంటి ఘనపదార్థంగా మారతాయి. 4 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద సుమారు 40 బార్ల పీడనం ఉంటే చాలు, హైడ్రేట్ ఏర్పడుతుంది. లోతైన సముద్రం అడుగున నీటి ఉష్ణోగ్రత కూడా ఇంచుమించు అంతే. కృష్ణా-గోదావరి బేసిన్‌కు ఇది కొత్త సంగతి కాదు. 2006లో జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద జరిపిన తవ్వకాలలో ఈ బేసిన్ సముద్రగర్భంలోనే 128 మీటర్ల మందం గల హైడ్రేట్ పొర బయటపడింది. ప్రకృతి నేల పొరల్లో చేసిన పనినే తేమ గ్యాస్ గొట్టంలోనూ చేయగలదు. అందువల్లనే లోతు సముద్రపు గొట్టాలలోకి గడ్డకట్టకుండా నివారించే గ్లైకాల్ లేదా మిథనాల్ ద్రవాలను నిరంతరం పంపుతుంటారు.

హైడ్రేట్ గడ్డ గొట్టానికి బిరడాలా అడ్డుపడినప్పుడు, దానిని కరిగించడానికి పీడనం దించడం ఒక మార్గం. అయితే ఒకవైపే దించితే రెండో వైపున ఉన్న పీడనం ఆ గడ్డను తుపాకి గుండులా ముందుకు తోస్తుంది. వంపు తిరిగిన చోట అది తగిలితే గొట్టం చీలిపోతుంది. అందువల్ల గడ్డకు ఇరువైపులా సమానంగా, నిదానంగా పీడనం దించాలన్నది తిరుగులేని నియమం.

బిలాస్‌పూర్ యార్డు చెప్పే పాఠం

పొడవైన గొట్టంలో ఒక చివర కనిపించే పీడనం రెండో చివరకు వర్తించదన్న ఈ సూత్రాన్ని సముద్రం ఊసే లేని చోట రోజూ పాటిస్తున్న వారు ఉన్నారు. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఎదుగుదలలో రైల్వేకు పెద్ద పాత్ర ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలకు కూడా అది ఉపాధి చూపింది. కోర్బా గనుల బొగ్గు బండ్లు ఆ మార్గంలోనే సాగుతాయి.

యాభైకి పైగా వ్యాగన్లు గల బొగ్గు బండి కింద ఇంజన్ నుంచి చివరి పెట్టె వరకు బ్రేక్ పైపు ఉంటుంది. అందులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడితో గాలి నింపుతారు. ఇది దాదాపు 5 బార్లకు సమానం. డ్రైవరు ఆ గాలిని కొంత వదిలితే బ్రేకులు పడతాయి. అయితే ఒత్తిడి తగ్గుదల ఇంజన్ వద్ద మొదలై ఒక్కొక్క వ్యాగన్‌నే దాటుతూ వెనక్కి చేరుతుంది. ముందు వ్యాగన్లు బ్రేకు పట్టినప్పటికి వెనుక వ్యాగన్లకు ఆ సంగతి ఇంకా తెలియదు. మధ్యలో ఎక్కడైనా రెండు పెట్టెల నడుమ ఉండే కాక్ పొరపాటున మూసుకుని ఉంటే, వెనుక భాగంలోని గాలి అక్కడే చిక్కుకుపోతుంది. ఇంజన్‌లో గేజి పడిపోయినా ఆ వ్యాగన్లకు బ్రేకు పడదు. అందుకే బండి కదిలే ముందు చివరి పెట్టెలోని గేజిని కూడా చూసి, బ్రేక్ పైపు చివరి దాకా పనిచేస్తున్నట్లు నిర్ధారించుకోవాలన్నది రైల్వేలో ప్రాథమిక నియమం.

అర కిలోమీటరుకు పైగా పొడవున్న బండిలో 5 బార్ల గాలికే ఇన్ని జాగ్రత్తలు అవసరమైతే, పదుల కిలోమీటర్ల పొడవున 100 బార్ల గ్యాస్ విషయంలో చెప్పనవసరం లేదు. సహజవాయువులో పీడనపు అల సెకనుకు సుమారు 400 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. 60 కిలోమీటర్ల గొట్టం ఒక చివర తెగితే, రెండో చివర గేజికి ఆ వార్త అందడానికే రెండున్నర నిమిషాలు పడుతుంది. హైడ్రేట్ గడ్డ గాని, సగం మూసుకున్న వాల్వు గాని మధ్యలో ఉంటే ఆ వార్త అందకపోవచ్చు కూడా. ఖాళీ అయిందనుకున్న గొట్టాన్ని విప్పబోయి ప్రమాదాలు కొనితెచ్చుకునేది ఇటువంటి సందర్భాలలోనే.

పద్ధతి ప్రకారం దించితే

ప్రణాళిక ప్రకారం పీడనం దించే పనిలో తొలి మెట్టు గ్యాస్‌ను వృథా చేయకపోవడం. ముందుగా బావుల వైపు నుంచి రాకను ఆపివేస్తారు. వినియోగదారుల వైపు సరఫరా మాత్రం కొనసాగిస్తారు. గొట్టంలో నిలువ ఉన్న గ్యాస్ ఈ విధంగా విద్యుత్ కేంద్రాలకు, ఎరువుల కర్మాగారాలకు వెళ్లిపోతుంది. ఆ వైపు ఉన్న పీడనంతో సమానమయ్యే దాకా ఇది సాగుతుంది. వీలున్న చోట కంప్రెషర్ల సాయంతో మరికొంత గ్యాస్‌ను పక్క గొట్టంలోకి మళ్లిస్తారు.

ఆ తరువాత మిగిలిన దానిని తీరంలోని కేంద్రం వద్ద గాని, సముద్ర వేదిక వద్ద గాని ఎత్తైన గొట్టం ద్వారా మండించివేస్తారు. మండించకుండా గాలిలోకి వదలడం రెండు విధాల హానికరం. గాలిలో మీథేన్ పాలు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు, పేలుడు సంభవిస్తుంది. పైగా ఇరవై ఏళ్ల కాలానికి లెక్కిస్తే వాతావరణాన్ని వేడెక్కించడంలో మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటే 80 రెట్లు శక్తిమంతమైనది.

దించే వేగాన్ని నియంత్రించే వాల్వు ఈ దశలో కీలకం. కొన్ని బార్లు దించి ఆగుతారు. ఉక్కు ఉష్ణోగ్రతను పరీక్షిస్తారు. గొట్టం పల్లపు భాగాలలో పేరుకున్న నీరు, ద్రవ ఇంధనం గ్యాస్‌తోపాటు ఒక్కసారిగా ఎగదన్నుకుని వస్తే మంట గొట్టం దాకా పోకుండా మధ్యలో పెద్ద తొట్టెలు పట్టి ఉంచుతాయి. రెండు చివరలా గేజిలు ఒకే స్థాయిని చూపిన తరువాతనే తదుపరి మెట్టుకు వెళతారు. పెద్ద గొట్టమైతే ఈ తతంగానికి రోజులు పట్టడం కద్దు.

పీడనం బయటి గాలితో సమానమైనా పని పూర్తయినట్లు కాదు. గొట్టం నిండా అప్పటికీ మండే గ్యాస్ ఉంటుంది. దానిలోకి గాలి చొరబడితే పేలుడుకు అనువైన మిశ్రమం తయారవుతుంది. అందువల్ల మంటను పోషించని నత్రజనిని పంపి మీథేన్‌ను పూర్తిగా వెళ్లగొడతారు. ఆ తరువాతనే గొట్టాన్ని కోయడానికి, అతకడానికి అనుమతి పత్రం ఇస్తారు.

సముద్రం తోసే ఒత్తిడి

నేల మీది గొట్టానికి లేని చిక్కు ఒకటి సముద్రం అడుగున ఉంది. నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకు ఒక బార్ చొప్పున బయటి ఒత్తిడి పెరుగుతుంది. కాకినాడ తీరానికి ఎదురుగా రిలయన్స్, బీపీ సంస్థల కేజీ-డీ6 బ్లాకులో 2020 డిసెంబరులో ఉత్పత్తి ప్రారంభమైన ఆర్-క్లస్టర్ క్షేత్రం రెండు వేల మీటర్లకు మించిన లోతులో ఉంది. అంటే అక్కడ ఉక్కు మీద బయటి నుంచి 200 బార్ల ఒత్తిడి పడుతుంది. లోపల గ్యాస్ ఉన్నంత కాలం అది కొంత ఎదురు నిలుస్తుంది. గ్యాస్‌ను ఖాళీ చేస్తే భారమంతా గొట్టం గోడ మీదే పడుతుంది. ఒక చోట గొట్టం నొక్కుకుపోతే ఆ నొక్కు కిలోమీటర్ల దూరం పాకిపోగలదు. దానిని అడ్డుకునేందుకే లోతు గొట్టాలకు మందపాటి గోడలు, అక్కడక్కడా అదనపు ఉక్కు పట్టీలు అమరుస్తారు.

సముద్రపు ఒత్తిడి మాటేమిటో బాల్టిక్ సముద్రంలో ప్రపంచమంతా చూసింది. రష్యా నుంచి జర్మనీకి వేసిన నార్డ్‌స్ట్రీమ్ పైపులైన్లను 2022 సెప్టెంబరు 26న పేలుళ్లతో ధ్వంసం చేశారు. మొత్తం నాలుగు గొట్టాలలో మూడు తెగిపోయాయి. సరఫరాకు వాడకపోయినా 105 బార్ల వద్ద గ్యాస్ నింపి ఉంచిన నార్డ్‌స్ట్రీమ్-2 గొట్టంలో పీడనం రాత్రికి రాత్రి 7 బార్లకు పడిపోయి అక్కడ ఆగింది. తెగిన చోట లోతు సుమారు 70 మీటర్లు. ఆ లోతులో నీటి ఒత్తిడి సరిగ్గా 7 బార్లు. లోపలి గ్యాస్, బయటి సముద్రం సమ ఉజ్జీలైన తరువాత మాత్రమే పెను ఉధృతి తగ్గింది. కిలోమీటరు వెడల్పున సముద్రం ఉపరితలం రోజుల తరబడి మరిగినట్లు కనిపించింది. మొత్తం 4 లక్షల 65 వేల టన్నుల మీథేన్ వాతావరణంలో కలిసినట్లు 2025లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది.

దీనికి భిన్నమైన ఉదాహరణ మరుసటి ఏడాది అదే సముద్రంలో లభించింది. ఫిన్లండ్, ఎస్టోనియా దేశాలను కలిపే 77 కిలోమీటర్ల బాల్టిక్ కనెక్టర్ గొట్టంలో 2023 అక్టోబరు 8న పీడనం అకస్మాత్తుగా పడిపోయింది. నౌక లంగరు ఈడ్చుకుపోవడం వల్ల గొట్టం చీలినట్లు తరువాత తెలిసింది. గేజిలు గమనిస్తున్న సిబ్బంది వెంటనే వాల్వులు మూసివేశారు.  మరమ్మతు పూర్తి చేసి 2024 ఏప్రిల్‌లో సరఫరాను పునరుద్ధరించారు. మెక్సికో అఖాతంలో 2021 జులై 2న సముద్రగర్భ గొట్టం నుంచి లీకైన గ్యాస్ నీటి మీద వలయాకారంలో మండిన దృశ్యం కూడా పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వాల్వులు మూసి, నత్రజనిని ఉపయోగించి సుమారు ఐదు గంటలలో ఆ మంటను అదుపు చేశారు.

నగరం గ్రామం మరువని ఉదయం

సముద్రపు గొట్టాల కథ తీరంతో ముగియదు. ఒడ్డు చేరిన గ్యాస్ ఊళ్ల మధ్య నుంచి భూమి లోపలి గొట్టాల ద్వారానే వెళ్లవలసి ఉంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నాటి తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైను చీలిపోయింది. తాటిపాక నుంచి కొండపల్లి వైపు వెళ్లే 18 అంగుళాల గొట్టం అది. వెలువడిన గ్యాస్ నేలను అంటిపెట్టుకుని పరిసరాలకు వ్యాపించి నిప్పు అంటుకోవడంతో ఇళ్లు, కొబ్బరి తోటలు దగ్ధమయ్యాయి. 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో అనేకులు నిద్రలోనే మంటల పాలయ్యారు.

పొడి గ్యాస్ కోసం ఉద్దేశించిన గొట్టంలో నీరు, ద్రవ ఇంధనం కలిసిన తడి గ్యాస్ ప్రవహించడం వల్ల లోపలి గోడ తుప్పు పట్టి క్షీణించినట్లు విచారణలో తేలింది. తుప్పును కనిపెట్టాలంటే గొట్టం లోపల తనిఖీ యంత్రాన్ని నడపాలి. బలహీనపడిన ముక్కను మార్చాలంటే సరఫరా ఆపి, పీడనం దించి, నత్రజనితో శుభ్రపరచాలి. అంటే కొన్ని రోజుల అమ్మకాలను వదులుకోవాలి. విద్యుత్ కేంద్రాలకు ముందుగా చెప్పి ప్రత్యామ్నాయం చూడాలి. సకాలంలో చేయని ఈ పనిని ప్రమాదమే చేసిపెడితే ఏమవుతుందో నగరం చూపింది. దుర్ఘటన అనంతరం ఈ ప్రాంతంలో గ్యాస్ సరఫరా నిలిచిపోయి విద్యుదుత్పత్తి దెబ్బతిన్న సంగతి విదితమే. ముందుగా అనుకుని ఆపితే రోజులతో పోయేది ప్రమాదం వల్ల ఆగితే నెలలకు విస్తరిస్తుంది. పోయిన ప్రాణాలు ఎలాగూ తిరిగి రావు.

తీరవాసులకు తెలియవలసినవి

ఈ బేసిన్‌లో గొట్టాలు ఇప్పుడు రెండు తరాలకు చెందినవి. రవ్వ క్షేత్రాన్ని ఓఎన్‌జీసీ 1987లో కనుగొంది. కేజీ-డీ6లో 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి ప్రారంభించిన డీ1-డీ3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. ఒకవైపు కొత్త క్షేత్రాలకు గొట్టాలు వేస్తుండగా, మరోవైపు పాతవాటిని ఖాళీ చేసి సురక్షితంగా వదిలివేయవలసిన కాలం సమీపిస్తోంది. కొత్త గొట్టం ప్రారంభోత్సవానికి మంత్రులు వస్తారు, ఫొటోలు పడతాయి. పాత గొట్టం పీడనం దించే పనికి అటువంటి సందడి ఉండదు. అయినా భద్రత దృష్ట్యా రెండో పనికి మొదటి దానికంటే తక్కువ ప్రాధాన్యం లేదు. కృష్ణా-గోదావరి తీరానికే కాదు, ముంబై-నాగపూర్-ఝార్సుగూడ మార్గం ద్వారా పైపులైను చేరుతున్న ఛత్తీస్‌గఢ్ వంటి రాష్ట్రాలకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

తీర గ్రామాల ప్రజలు ఇంజనీర్లు కానవసరం లేదు. తమ ఊరి పక్కనున్న గొట్టంలో రెండు వాల్వుల మధ్య ఎంత గ్యాస్ ఉంటుంది, అది ఖాళీ కావడానికి ఎన్ని గంటలు పడుతుంది, ఆ గంటలలో తాము ఏ దిక్కుకు, ఎంత దూరం వెళ్లాలి అన్న మూడు సంగతులు తెలిస్తే చాలు. గొట్టాల మీదుగా లంగరు వేయరాదన్న నిషేధం ఎక్కడి నుంచి ఎక్కడి వరకో పడవల వారికి తెలియాలి. తెల్లవారుజామున గ్యాస్ వాసనో, బుసకొట్టే చప్పుడో వస్తే పొయ్యి వెలిగించరాదని ప్రతి ఇంటా తెలియాలి. ఫోను చేస్తే ఎత్తే మనిషి రాత్రి వేళ కూడా ఉండాలి.

వాల్వు మూయడం ఒక క్షణం పని. గొట్టంలో మిగిలిన దానిని దించడానికి గంటలు, ఒక్కొక్కప్పుడు రోజులు కావాలి. ఆ వ్యవధి ఎంతో పైపర్ ఆల్ఫా యాజమాన్యానికి రెండేళ్ల ముందే తెలుసు. వేదికపై నిద్రిస్తున్న వారికి మాత్రం ఎవరూ చెప్పలేదు. కోనసీమ తీరంలో నిద్రిస్తున్న వారికి ఆ అంకె తెలియజేయవలసిన బాధ్యత గొట్టాలు నడిపే సంస్థలపైనా, వాటిని తనిఖీ చేసే ప్రభుత్వ శాఖలపైనా ఉంది.